రెండు బిందువులు, ఒక థర్మామీటరు

అందరికీ నమస్కారం.

సరళరేఖ సమీకరణం అనగానే పిల్లలకు ముందు సూత్రాలే గుర్తొస్తాయి. వాలు–అంతరఖండ రూపం, బిందువు–వాలు రూపం, రెండు బిందువుల రూపం... ఏది ఎక్కడ వాడాలోనని టెన్షన్. నన్నడిగితే ఇవన్నీ ఒకటే లెక్క. థర్మామీటరుతో చూద్దాం.

నీరు గడ్డకట్టేది సెల్సియస్‌లో 0 దగ్గర, ఫారెన్‌హీట్‌లో 32 దగ్గర. మరిగేది 100, 212 దగ్గర. సెల్సియస్‌ను ఎక్స్, ఫారెన్‌హీట్‌ను వై అనుకుంటే మన చేతిలో రెండు బిందువులున్నట్టే: (0, 32), (100, 212). ఎక్స్ 100 పెరిగితే వై 180 పెరిగింది. ఒక్కో డిగ్రీకి 180/100, అంటే 9/5. ఇదే వాలు. ఎక్స్ సున్నా అయినప్పుడు వై 32 కాబట్టి సమీకరణం వై = (9/5)ఎక్స్ + 32.

సున్నా దగ్గర విలువ తెలియకపోతే? (10, 50), (37, 98.6) మాత్రమే ఇచ్చారనుకోండి. ఎక్స్ 27 పెరిగితే వై 48.6 పెరిగింది. 48.6ను 27తో భాగిస్తే మళ్లీ 1.8, అంటే అదే 9/5 వస్తుంది. 10 నుంచి సున్నాకు రావాలంటే పది డిగ్రీలు వెనక్కి, అంటే 18 తగ్గాలి. 50లో 18 పోతే 32. కొత్త సూత్రం ఏదీ అక్కర్లేకపోయింది కదా!

ఇక గ్రాఫు. రెండు అక్షాలకూ ఒకే స్కేలు పెట్టాలన్న నియమం లేదు. ఎక్స్ అక్షం మీద 1 సెం.మీ. = 10 డిగ్రీలు, వై మీద 1 సెం.మీ. = 20 డిగ్రీలు తీసుకుంటే కాగితంలో సరిగ్గా సరిపోతుంది. బిందువులు దూరదూరంగా ఉండాలి. దగ్గరి బిందువులతో గీస్తే పెన్సిల్ వెంట్రుకవాసి జరిగినా రేఖ చివర బాగా పక్కకు పోతుంది. మూడో బిందువు (37, 98.6) తనిఖీకి. అది రేఖ మీద పడకపోతే ఎక్కడో తప్పు ఉంది.

గీశాక ఒకసారి రేఖను చూడండి. అడ్డంగా 10 సెం.మీ. పోతే పైకి 9 సెం.మీ. మాత్రమే లేచింది. కంటికి 45 డిగ్రీల కన్నా తక్కువ ఏటవాలు. కానీ వాలు 9/5, ఒకటి కన్నా ఎక్కువ! కంటికి కనిపించే ఏటవాలు స్కేలును బట్టి మారుతుంది, అక్షాల మీద అంకెలతో కట్టిన వాలు మారదు. టీవీల్లో ధరల గ్రాఫు నిట్టనిలువుగా ఎగబాకినట్టు చూపిస్తే, గాభరాపడే ముందు పక్కనున్న అంకెలు చదవండి.

చివరగా మీకో పని. 1742లో సెల్సియస్ ప్రతిపాదించిన కొలమానం తలకిందులుగా ఉండేది: మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100. దిశను తర్వాత మార్చారు. ఆ పాత కొలమానం రేఖను కూడా ఇదే కాగితం మీద గీయండి. వాలు రుణాత్మకం అవుతుంది. రెండు రేఖలూ (50, 122) దగ్గర కలవాలి.