కౌబాయ్ కథలో రాకెట్‌కు చోటెక్కడ?

శ్రోతలకు నమస్కారం.

కౌబాయ్ టోపీ పెట్టి చేతికి లేజర్ తుపాకీ ఇచ్చినంత మాత్రాన సైన్స్ ఫిక్షన్ వెస్టర్న్ అయిపోదు. వెస్టర్న్‌కు, అంటే అమెరికా పశ్చిమ సీమల కౌబాయ్ కథకు, ప్రాణం దూరం. ఊరికి ఆపద ముంచుకొస్తుంది, సాయం అందాలంటే రోజులు పడుతుంది, ఈలోగా ఒక్క మనిషే ఎదురు నిలవాలి. ఆ దూరాన్ని సైన్సు పుట్టించినప్పుడే రెండూ అతుకుతాయి.

1981లో పీటర్ హయమ్స్ తీసిన ‘ఔట్‌ల్యాండ్’నే తీసుకోండి. 1952 నాటి వెస్టర్న్ ‘హై నూన్’లో పగబట్టినవాడు మధ్యాహ్నం రైల్లో దిగుతాడు, ఊరి కాపలా అధికారి అయిన మార్షల్ పక్కన నిలబడేవాడు ఊళ్లో కనిపించడు. ఈ పరిస్థితిని హయమ్స్ గురుగ్రహపు ఉపగ్రహం అయో మీది గనుల కాలనీకి తీసుకెళ్లాడు. రైలు బదులు షటిల్ అనే అంతరిక్షనౌక వస్తుంది. అంతటితో ఆగితే అది వేషం మార్చడమే. కానీ అయో మీద బయట గాలి లేదు. కౌబాయ్ ఊరి వీధిలో గురి తప్పిన తూటా గోడకు తగిలి ఊరుకుంటుంది. ఇక్కడ అద్దం పగిలితే కాల్చినవాడే పోతాడు. పోరాటం పద్ధతే మారిపోయింది.

ఇలాంటి కథ రాసేవాళ్లు తరచూ తప్పేది కబురు దగ్గర. క్షణంలో కబురు అందితే వెస్టర్న్ అక్కడే చచ్చిపోతుంది. భౌతికశాస్త్రం మన పక్షానే ఉంది: భూమి నుంచి అంగారకుడికి రేడియో సంకేతం చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు, గురుగ్రహానికైతే అరగంటకు పైనే. జవాబు రావడానికి మళ్లీ అంత. దీన్ని వాడుకోకుండా వదిలేయడం అన్యాయం.

అంతరిక్షనౌక ఉన్నచోట గుర్రం ఎందుకంటారా? మారుమూల గ్రహంలో బండి చెడితే విడిభాగాలు దొరకవు. గుర్రం గడ్డి తింటుంది, పిల్లల్ని పెడుతుంది. ఈ కారణం ప్రేక్షకుడికి మొదట్లోనే తెలియాలి. 2002లో ఫాక్స్ చానల్ ‘ఫైర్‌ఫ్లై’ అనే రోదసి వెస్టర్న్ సీరియల్‌ని వరస తప్పి ప్రసారం చేసింది. ఆ లోకాన్ని పరిచయం చేసే మొదటి భాగం చివరికి పడింది. తీసిన 14 భాగాల్లో అప్పుడు ప్రసారమైనవి 11. రోదసి దృశ్యాల్లో ఇంజన్ మోత వినిపించని సీరియల్ అది. గాలి లేనిచోట శబ్దం పుట్టదు కదా!

ఇక తుపాకీ. మైకేల్ క్రైటన్ 1973లో తీసిన ‘వెస్ట్‌వరల్డ్’ వినోద పార్కులో, అతిథి చేతి తుపాకీకి వేడిని పసిగట్టే సెన్సర్ ఉంటుంది. ఒంటి వేడి ఉన్న మనిషి మీద పేలదు, చల్లటి రోబో మీదే పేలుతుంది. అదుపు తప్పి మనుషుల మీద పడే, యూల్ బ్రిన్నర్ వేసిన రోబో కూడా మనిషిని వేడిని బట్టే వెతుకుతుంది. దాంతో హీరో మండే కాగడా కిందికి వెళ్లి నిలబడతాడు. ఆ మంటలో అతని ఒంటి వేడి కలిసిపోయి రోబోకు ఆనడు. ఆటకు పెట్టిన నియమంలోంచే గండం గట్టెక్కే దారి దొరకడం ఎంత చక్కటి రచన!

చిత్రీకరణలో పెద్ద తలనొప్పి మెరిసే లోహం. తర్వాత వేరే దృశ్యం అతికించడానికి వెనక కట్టే ఆకుపచ్చ తెర ముందు, లోహ కవచం తొడిగిన నటుణ్ని నిలబెడితే కవచమంతా ఆకుపచ్చ ప్రతిబింబమే. 2019లో మొదలైన ‘ది మాండలోరియన్’ సీరియల్‌లో నటుల చుట్టూ 270 డిగ్రీల మేర, సుమారు 6 మీటర్ల ఎత్తున ఎల్‌ఈడీ గోడ కట్టారు. ఎడారి, ఆకాశం గోడ మీద కనిపిస్తాయి, అవే కవచంలో ప్రతిఫలిస్తాయి. అయితే కెమెరా మరీ వేగంగా తిరిగితే గోడ మీది దృశ్యం దానితో పాటు కదలలేక వెనకబడుతుంది. అందుకే గుర్రపు పరుగుల్లాంటివి ఆరుబయట తీసుకోవడమే మేలు.