పికప్ గేర్‌బాక్స్ పోయిందా? మార్చే ముందు ఎందుకు పోయిందో తెలుసుకోండి

(తెర మీద: లిఫ్ట్ ఎక్కిన పికప్. కింద నుంచి గేర్‌బాక్స్, దాని వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ కనిపిస్తుంటాయి.)

నమస్కారం. ఇంజిన్ స్టార్ట్ అవుతోంది, గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే శబ్దం పెరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు. మెకానిక్ చూసి "గేర్‌బాక్స్ పోయింది, మార్చేయాలి" అన్నాడు. ఆ మాట వింటే ఎవరికైనా టెన్షనే. సరే అనే ముందు ఆయన్ని రెండు విషయాలు అడగండి: లోపల ఏం పోయింది, ఎందుకు పోయింది? చాలామంది మొదటిది అడిగి ఊరుకుంటారు. రెండోది తేలకుండా కొత్తది ఎక్కిస్తే, పాతదాన్ని పాడు చేసిన కారణం బండిలోనే ఉండిపోతుంది. కొత్తదాన్నీ అదే పాడు చేస్తుంది.

అసలు గేర్‌బాక్సే పోయిందా అన్నది ముందు తేల్చుకుందాం. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ అయితే ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే భాగం) న్యూట్రల్‌లో ఉండిపోయిందేమో చూడండి. అలా ఉంటే ఏ గేరు వేసినా బండి కదలదు. టూ వీల్‌లో కదలని బండి ఫోర్ వీల్‌లో పెట్టగానే కదిలిందంటే, గేర్‌బాక్స్ పనిచేస్తున్నట్టే. తప్పు వెనక షాఫ్ట్‌లోనో, డిఫరెన్షియల్‌లోనో (రెండు వెనక చక్రాలకీ శక్తిని పంచే గేర్ల పెట్టె), యాక్సిల్‌లోనో ఉంది.

(తెర మీద: క్లచ్ పెడల్ మీద కాలు, దగ్గరగా.)

మాన్యువల్ బండిలో మొదటి అనుమానం క్లచ్ మీద. ముందూ వెనకా మనుషులు లేని చోట హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, బ్రేక్ తొక్కి పట్టి, మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. క్లచ్ బాగుంటే ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ జారుతోంది. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే చేస్తే ప్లేట్ కాలిపోతుంది.

శబ్దం కూడా చాలా చెబుతుంది. న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలినప్పుడు గరగరమని, క్లచ్ తొక్కగానే ఆగిపోతే, అనుమానం ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్ లోపలికి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద. క్లచ్ తొక్కినప్పుడే శబ్దం మొదలైతే, పెడల్ తొక్కగానే క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ మీద. రిలీజ్ బేరింగ్ మార్చాలన్నా గేర్‌బాక్స్ దించాల్సిందే, కానీ లోపల విప్పే పని ఉండదు. ఖర్చులో చాలా తేడా వస్తుంది. గేరు దానంతట అదే న్యూట్రల్‌కి వచ్చేస్తుంటే మాత్రం, లింకేజ్, మౌంటింగులు సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాక, లోపలి అరుగుదల గురించి ఆలోచించాలి.

ఆటోమేటిక్ సంగతి వేరు. అక్కడ గేరు పట్టించేది ఆయిల్ ప్రెషర్. ఆయిల్ తగ్గితే గేరు ఆలస్యంగా పడుతుంది, జారుతుంది, చివరికి లోపలి క్లచ్‌లు కాలిపోతాయి. ఇంజిన్ ఆయిల్‌లా ఇది వాడకంలో ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. లీకు వెతక్కుండా పైనుంచి పోస్తే కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. కొన్ని బండ్లలో డిప్‌స్టిక్ ఉండదు. వాటిలో ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడికి వచ్చాక, ప్లగ్ తీసి మట్టం చూడాలి.

తర్వాత బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. పీ0700 అని వస్తే కంగారు పడొద్దు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో లోపం నమోదైందని మాత్రమే దాని అర్థం. అసలు కోడ్ ఆ కంప్యూటర్‌లో ఉంటుంది, అది చదవాలి. బండి ఒకే గేరులో ఇరుక్కుపోవడం కూడా చాలాసార్లు కంప్యూటర్ కావాలని చేసే పనే, గేర్‌బాక్స్‌ని కాపాడటానికి. కారణం ఒక సెన్సర్, ఒక సాలినాయిడ్ (ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే వాల్వ్), తెగిన వైరు కావచ్చు. చాలా పికప్‌లలో కింది పాన్ (ఆయిల్ నిలిచే పళ్లెం) విప్పితే సాలినాయిడ్‌లు అందుతాయి, గేర్‌బాక్స్ దించక్కర్లేదు.

(తెర మీద: విప్పిన పాన్, అందులో అయస్కాంతం.)

పాన్ విప్పినప్పుడు మీరు పక్కనే ఉండండి. అయస్కాంతం మీద మెత్తటి బూడిద రంగు పేస్ట్ కొంచెం ఉంటే అది మామూలు అరుగుదల. వేలికి తగిలే లోహపు ముక్కలు ఉంటే, లేదా ఆయిల్ నల్లగా మారి మాడువాసన వస్తుంటే, సాలినాయిడ్‌తో సరిపెట్టే దశ దాటిపోయింది. గులాబీ రంగు పాలలా కనిపిస్తే రేడియేటర్ లోపల గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పగిలి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలిసింది. కూలెంట్ లోపలి క్లచ్‌ల పొరని ఊడగొడుతుంది. అప్పుడు రేడియేటర్ మార్చకుండా గేర్‌బాక్స్ మాత్రమే మార్చడం వృథా.

ఓవర్‌హాల్ (విప్పి, పోయిన భాగాలు మార్చి బిగించడం) చేయించాలా, సెకండ్ హ్యాండ్ తేవాలా? ఒక బేరింగ్, ఒక సింక్రో రింగ్ (గేరు మారేటప్పుడు వేగాలు కలిపే రింగు) పోతే ఓవర్‌హాలే మేలు. కేస్ పగిలినా, గేర్లు చాలావరకు దెబ్బతిన్నా మార్చడం నయం. సెకండ్ హ్యాండ్‌ది ఎంత తిరిగిందో, ఎంత బరువు లాగిందో మనకి తెలియదు, అందుకే గ్యారంటీ ఇచ్చే పునర్నిర్మిత యూనిట్‌కే నా ఓటు. ఏది తెచ్చినా టూ వీల్‌దా ఫోర్ వీల్‌దా, గేర్ నిష్పత్తులూ పార్ట్ నంబరూ సరిపోతున్నాయా అని చూసుకోండి. బయటికి ఒకేలా కనిపించేవి చాలా ఉంటాయి.

ఇక నేను అందరినీ బతిమాలి చెప్పే విషయం: ఆటోమేటిక్ బండి కూలర్. పాత గేర్‌బాక్స్ లోహపు పొడి కూలర్ సన్న దారుల్లో, పైపుల్లో ఇరుక్కుని ఉంటుంది. కొత్తది ఎక్కించి స్టార్ట్ చేయగానే ఆ పొడి నేరుగా దానిలోకి వస్తుంది. పైపులు ఫ్లష్ చేయాలి, కూలర్ మార్చేయడం ఇంకా మంచిది. పికప్ బరువు మోసే బండి, ట్రెయిలర్ లాగే బండి. ఆ వేడి తట్టుకోలేకే పాతది పోయి ఉంటే, అదనపు కూలర్ పెట్టించడం విలాసం కాదు, అవసరం.

(తెర మీద: టార్క్ కన్వర్టర్‌ని చేత్తో తిప్పుతూ లోపలికి తోస్తున్న దృశ్యం.)

ఆటోమేటిక్ బిగించేటప్పుడు టార్క్ కన్వర్టర్‌ని (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) తిప్పుతూ తోస్తే ఒక్కో మెట్టు దిగుతూ పూర్తిగా కూర్చోవాలి. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు కవచం) చేత్తో తోస్తేనే ఇంజిన్‌కి అతుక్కోవాలి. అతుక్కోకపోతే బోల్టులతో లాగొద్దు, లోపలి పంప్ పగులుతుంది. మాన్యువల్ అయితే, గేర్‌బాక్స్ ఎలాగూ దింపారు కాబట్టి క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, ఇంజిన్ వెనక సీల్ అప్పుడే చూసుకోండి. ఆయిల్ బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిందే పోయాలి. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగిన చోట జీఎల్-5 పోస్తే ఇత్తడి సింక్రో రింగులు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంట్లో చేసేవాళ్లు బ్యాటరీ వైరు తీసేయండి. జాకీని నమ్మి కిందికి వెళ్లొద్దు, స్టాండ్లు పెట్టండి. గేర్‌బాక్స్‌ని చేతులతో దించొద్దు, దానికో ప్రత్యేక జాకీ ఉంది.

ఆఖరుగా, ఇప్పుడే బండి రోడ్డు పక్కన ఆగిపోయి ఈ వీడియో చూస్తున్నవాళ్లకి ఒక మాట. ఆటోమేటిక్ పికప్‌ని వెనక చక్రాలు నేల మీద తిరిగేలా లాగించొద్దు. ఇంజిన్ ఆగి ఉంటే ఆయిల్ పంప్ తిరగదు, లోపలి భాగాలు మాత్రం ఆయిల్ లేకుండా తిరుగుతాయి. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలవండి.