‘లోకల్ మత్తే కదా’ అనే ముందు బరువు తూచండి

వేదిక మీది పెద్దలకు, థియేటర్ సిబ్బందికి, హన్మకొండ, కాజీపేటల నుంచి వచ్చిన అందరికీ నమస్కారం. 1846లో ఇదే అక్టోబర్ 16న బోస్టన్‌లో మార్టన్ ఈథర్ మత్తును అందరి ముందు చేసి చూపించాడు. ఈ చరిత్రలో మనకూ చోటుంది. ఆనాటి మత్తుమందు క్లోరోఫాంతో ప్రాణం ఎట్లా పోతుందో తేల్చడానికి 1888, 1889లలో ఆరో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లో కమిషన్లు కూర్చున్నాయి. ఊపిరిని కనిపెట్టుకొని ఉంటే చాలని ఇక్కడి రెసిడెన్సీ సర్జన్ లారీ దొర వాదించాడు. గుండె కూడా హఠాత్తుగా ఆగుతుందని తర్వాత తేలింది.

ప్లాస్టిక్ సర్జరీలో మత్తు ఎన్ని రకాలో చెప్పమన్నారు. తెగిన చెవితమ్మెకు, జుట్టు నాటడానికి లోకల్, అంటే ఆ చోటు ఒక్కటే మొద్దుబారే సూది. మిషన్‌లో చెయ్యి పడ్డవాళ్లకు మెడ పక్కనో చంకలోనో సూది వేసి చేతి నరాలను మొద్దుబార్చే బ్లాక్. కాలికి చర్మం అతికేటప్పుడు నడుముకు స్పైనల్. గ్రహణమొర్రి పిల్లలకు గొంతులో గొట్టం వేసి పూర్తి మత్తు. కాలిన గాయం మానుతూ గదవ ఛాతీకి అతుక్కుపోయినవాళ్లకు మాత్రం మెలకువలో ఉండగానే సన్నని కెమెరాతో గొట్టం వేస్తాం. ముందే నిద్రపుచ్చితే ఊపిరి దారి దొరకదు.

ఇక నేను చెప్పాల్సింది లోకల్ గురించే. చిన్న సూదే అని దాన్ని అందరూ తేలికగా తీసుకుంటున్నారు. లోకల్‌కు వాడే లిగ్నోకైన్ మందు 2 శాతం అంటే ఒక్క ఎంఎల్‌లో 20 మిల్లీగ్రాములు. 30 ఎంఎల్ సీసాలో 600. మామూలు మందైతే ఒంటి బరువు కిలోకు 4.5, రక్తనాళాలను ముడిచే అడ్రినలిన్ కలిపితే 7 మిల్లీగ్రాములు దాటొద్దు. 45 కిలోల ఆడమనిషికి లెక్కగట్టండి: మామూలుది 10 ఎంఎల్, కలిపింది 15 ఎంఎల్. అంటే సగం సీసా! చోటు పెద్దదైతే సెలైన్‌తో పలచన చెయ్యండి, మిల్లీగ్రాములు మాత్రం పెంచకండి. ఇంకో లోకల్ మందు బ్యుపివకైన్ కూడా ఇస్తే రెండింటి విషమూ కూడుతుంది.

అడ్రినలిన్ కలపడంలోనూ తప్పులు జరుగుతాయి. 20 ఎంఎల్‌లో వెయ్యికి ఒకటి పాళ్ల మందు 0.1 ఎంఎల్ కలిపితే రెండు లక్షలకు ఒకటి అవుతుంది. 5 ఎంఎల్ సిరంజితో 0.1 కొలవలేం. ఇన్సులిన్ సిరంజి మీద యూనిట్ల గీతలుంటాయి, పొరబడతాం. ఎంఎల్ గీతలున్న 1 ఎంఎల్ సిరంజే వాడండి.

కడుపు సంగతి కూడా చెప్పాలి. ‘ఏం తినలే సారూ, జెర్రంత చాయ్ తాగిన’ అంటారు. అమ్మా, పాలు పోసిన చాయ్ తిండి కిందే లెక్క, 6 గంటలు ఆగాలి. మంచినీళ్లైతే 2 గంటలు. లోకల్‌తోనే మొదలైన ఆపరేషన్ మధ్యలో నిద్రమందు దాకా పోవచ్చు, అప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మందు ఎక్కువైతే ముందు నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద ఇనుము రుచి, చెవుల్లో హోరు. తర్వాత మాట ముద్దగా వస్తుంది, ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. నిద్రమందు ఇచ్చిన మనిషి ఈ మొదటి గుర్తులు చెప్పలేడు, కాబట్టి మానిటర్ మీంచి కన్ను తీయొద్దు. కొవ్వు తీసే ఆపరేషన్‌లో బాగా పలచన చేసిన మందు కిలోకు 35 మిల్లీగ్రాముల దాకా పోస్తారు. అది రక్తంలో హెచ్చుకు చేరేది 10-12 గంటల తర్వాత, అప్పటికి పేషెంటు ఇంటికి చేరి ఉంటాడు. ఆ రాత్రి పక్కన ఎవరున్నారని అడగరేం?

గుర్తు కనబడగానే సూది ఆపండి, ఆక్సిజన్ పెట్టండి, ఫిట్స్‌కు మిడజోలాం ఇవ్వండి. 20 శాతం లిపిడ్ ఎమల్షన్, అంటే నరంలోకి ఎక్కించే తెల్లని కొవ్వు ద్రవం, కిలోకు 1.5 ఎంఎల్ చొప్పున రెండు మూడు నిమిషాల్లో ఎక్కించండి. 45 కిలోలకు 67 ఎంఎల్. ఆ వెంటనే నిమిషానికి కిలోకు 0.25 ఎంఎల్ నడవాలి. నిద్రమందు ప్రొపోఫాల్ కూడా తెల్లగానే ఉంటుంది, దీనికి బదులుగా దాన్ని ఎక్కిస్తే గుండె ఇంకా కుంగుతుంది.

నర్సమ్మలూ, మీ థియేటర్లో ఆ లిపిడ్ బాటిల్ ఏ అలమారలో ఉందో ఇప్పుడే చెప్పగలిగినవాళ్లు చేతులెత్తండి. ఎత్తనివాళ్లు రేపు పొద్దున డ్యూటీకి ఎక్కగానే వెతకండి, దాని మీద గడువు తేదీ చూడండి.