కొట్టడం సులువే, వెనక్కి రావడమే కష్టం

(హనుమకొండలో ఇంజినీర్ల దినోత్సవం నాడు డిప్లొమా విద్యార్థులు, సర్వీసు మెకానిక్కుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ప్రింటర్ల గురించి మాట్లాడమన్నారు. లేజర్, ఇంక్‌జెట్, థర్మల్ జోలికి నేను పోను. కాగితాన్ని కొట్టి అచ్చు వేసే రకం గురించే చెప్తాను. ఎనుమాముల మార్కెట్ యార్డు చుట్టుపక్కల లారీలు తూచే వే బ్రిడ్జి గదుల్లో, కాజీపేట రిజర్వేషన్ కౌంటర్లో, బ్యాంకులో పాస్‌బుక్కు వేసే చోట టర్రుమంటూ మోగేది ఆ రకమే. దాని పని అయిపోయిందని పాతికేళ్లుగా వింటూనే ఉన్నాను. కానీ లారీ కాంటా ఎక్కి దిగాక మూడు కాపీలు కావాలి. రైతుకొకటి, డ్రైవరుకొకటి, కొన్నవాళ్లకొకటి. మూడింటి మీదా ఒకే అంకె, ఒకే దెబ్బకు పడాలి. లేజర్‌తో మూడుసార్లు ప్రింటు తీసి ఇస్తే మూడూ ఒకటేనని నమ్మేదెవరు?

ప్రింటర్ అనగానే అందరి చూపూ అక్షరం మీదికే పోతుంది. అక్షరాన్ని వేసే దెబ్బ మీదికి పోతుంది. నన్నడిగితే ఈ యంత్రం మొత్తంలో దెబ్బ కొట్టడమే తేలిక. కాయిల్‌కు కరెంటు ఇస్తే కొడుతుంది, గంతే. కొట్టినది చప్పున వెనక్కి రావాలి, వచ్చినది మళ్లీ ఎగిరి ఇంకో దెబ్బ వెయ్యకూడదు. కాగితం జరగాలి, జరిగినది అక్కడే నిలబడాలి. బుర్రలు బద్దలు కొట్టుకున్నదంతా ఇక్కడ. మంచి ఆవిష్కరణలన్నీ ఈ రెంటి చుట్టూనే తిరిగాయి.

ఐబీఎం 1403 నుంచి మొదలుపెడతాను. 1401 కంప్యూటర్‌తో పాటు 1959 అక్టోబర్ 5న దాన్ని ప్రకటించారు. అయిదు రోజులకు, అదే నెల 10న, మన వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీకి, అంటే ఇప్పటి ఎన్‌ఐటీకి, నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. రెంటికీ సంబంధమేమీ లేదు. తేదీ గుర్తుంటుందని చెప్పాను.

1403 నిమిషానికి 600 లైన్లు వేసేది. లైనుకు 132 కాలమ్‌లు, అంటే అక్షరం పడే చోట్లు, కాలమ్‌కొక సుత్తి. అక్షరాలు చెక్కిన గొలుసు కాగితం ముందు అడ్డంగా సెకనుకు 90 అంగుళాల వేగంతో పరుగెత్తుతూనే ఉంటుంది, ఆగదు. ఆ గొలుసు మీద 48 అక్షరాల వరస అయిదుసార్లు, మొత్తం 240. సుత్తి కాగితం వెనక నుంచి కొడుతుంది. కాగితం పోయి రిబ్బన్‌కు, రిబ్బన్ పోయి పరుగెత్తే అక్షరానికి తగులుతుంది. తగిలి, అక్షరం పక్కకు జరిగేలోపే విడిపోవాలి. ఆలస్యమైతే అక్షరం అలుక్కుపోయినట్టే.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది కొలతల్లో దాచిన కిటుకు. కాలమ్‌ల మధ్య దూరం అంగుళంలో పదో వంతు. గొలుసు మీద అక్షరాల మధ్య దూరం దానికి ఒకటిన్నర రెట్లు, పైన ఇంకో పిసరు. రెండు అక్షరాల దూరం కలిపితే మూడు కాలమ్‌ల కన్నా అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువ వస్తుంది. అందువల్ల ఒకటో కాలమ్ ఎదుటికి ఒక అక్షరం సరిగ్గా వచ్చాక, నాలుగో కాలమ్ ఎదుటికి ఇంకొకటి రావడానికి దాదాపు 11 మైక్రోసెకన్లు పడుతుంది. తర్వాత ఏడో కాలమ్, ఆ తర్వాత పదోది. ఆ సందులోనే కంప్యూటర్ తన మెమరీలో తర్వాతి స్థానం చూసుకుని సుత్తి వదలాలా వద్దా తేల్చుకుంటుంది. 1401 మెమరీ ఒక్కో అడుగుకు తీసుకునే కాలం 11.5 మైక్రోసెకన్లు. గొలుసు కొలతను, మెమరీ వేగాన్ని ఒకే కాగితం మీద పెట్టి లెక్క కట్టారన్నమాట. పైగా 132 సుత్తులూ ఒకేసారి లేచి కరెంటును గుంజెయ్యవు. మెకానికల్ వాళ్లు ఒక బిల్డింగులో, ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఇంకో బిల్డింగులో కూర్చుంటే ఇలాంటిది పుట్టదు. మన కాలేజీల గురించి ఇంతకంటే ఏమీ అనను.

ఆ కాలంలో డ్రమ్ ప్రింటర్లూ ఉండేవి. ప్రతి కాలమ్‌కూ అక్షరాల వరస మొత్తం డ్రమ్ము చుట్టూ చెక్కి ఉంటుంది, డ్రమ్ము గిర్రున తిరుగుతుంది. సుత్తి కాస్త ముందో వెనకో పడిందంటే అక్షరం పైకో కిందికో పోతుంది. లైన్ మొత్తం ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. గొలుసు ప్రింటర్లో అదే పొరపాటు అక్షరాన్ని పక్కకు జరుపుతుంది. ఎగుడుదిగుడును కన్ను ఇట్టే పట్టేస్తుంది, పక్కకు వెంట్రుకవాసి జరిగితే పట్టించుకోదు. టైమింగ్ లోపం రెంటిలోనూ ఉంది. గొలుసు వేసినవాళ్లు ఆ లోపాన్ని కన్ను చూడని దిక్కుకు మళ్లించారు.

ఇక కాగితం. నిమిషానికి 600 లైన్లంటే లైనుకు సెకనులో పదో వంతు. ఆ పదో వంతులోనే అచ్చు వెయ్యాలి, కాగితాన్ని అంగుళంలో ఆరో వంతు జరపాలి, ఊగకుండా నిలపాలి. మామూలు మోటారుతో కాదని హైడ్రాలిక్ యూనిట్ పెట్టారు. ఎక్కడ ఆగాలో చెప్పేది 12 చానెళ్ల, అంటే 12 రంధ్రాల వరసల, కాగితపు టేపు. ఫారం పొడవుకు సరిపడా కత్తిరించి, అంచులు అతికించి, రింగులా తిప్పేవాళ్లు. జకార్డు మగ్గం మీద అట్టల దండ తిరగడం సిరిసిల్లలో చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు, అదే పని. అట్టలో రంధ్రం దారాన్ని లేపుతుంది, ఇక్కడి రంధ్రం పరుగెత్తే కాగితాన్ని ఆపుతుంది. ప్రోగ్రాం అడిగిన చానెల్‌లో రంధ్రమే లేదనుకోండి, కాగితం ఆగదు. సెకనుకు 75 అంగుళాలు, అంటే దాదాపు ఏడు పేజీలు పైకి చిమ్ముతూనే ఉంటాయి, ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి స్టాప్ నొక్కేదాకా.

ఐబీఎం వాళ్ల సెలెక్ట్రిక్ టైప్‌రైటర్ సంగతి క్లుప్తంగా చెప్తాను. 1961లో వచ్చింది, బంతి మీద 88 అక్షరాలు. బంతి తిరిగి, వంగి, సరైన అక్షరాన్ని కాగితం వైపు పెడుతుంది. లీవర్లు, టేపులు దాన్ని కచ్చితంగా ఆ కోణానికే తేవాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని దగ్గరదాకా తెచ్చి వదిలేశారు. బంతి అంచున గాడులుంటాయి. దెబ్బకు ముందు ఒక పన్ను ఆ గాడిలోకి దిగి బంతిని సరైన చోటికి లాక్కుని బిగించేస్తుంది. మిల్లింగ్ మెషీన్‌లో పనిముక్కను కోణం లెక్కన తిప్పి బిగించే ఇండెక్సింగ్ హెడ్ మీద పని చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. 1972లో డయాబ్లో కంపెనీ తెచ్చిన డెయిజీ వీల్‌దీ ఆపి కొట్టే పద్ధతే. రేకుల చక్రం తిరిగి ఆగుతుంది, సుత్తి రేకును కొడుతుంది. అక్షరం ముచ్చటగా ఉంటుంది, వేగం ఉండదు.

మన చేతికి వచ్చింది మాత్రం చుక్కచుక్కగా అక్షరం కట్టే డాట్ మ్యాట్రిక్స్. సెంట్రానిక్స్ 101 వచ్చింది 1970లో. జపాన్‌లో సీకో గడియారాల వాళ్లు 1964 టోక్యో ఒలింపిక్స్ కోసం టైమింగ్ ప్రింట్ చేసే పరికరం తయారుచేశారు. ఆ అనుభవంతో 1968లో ఈపీ-101 అనే బుల్లి ప్రింటర్ వచ్చింది. ఆ ‘ఈపీ’కి ‘సన్’లు, అంటే కొడుకులంటూ పెట్టిన పేరే ఎప్సన్. వాళ్ల ఎంఎక్స్-80 వచ్చింది 1980లో. తొమ్మిది పిన్నులు, 80 కాలమ్‌లు. హెడ్డు అరిగిపోతే వాడేవాళ్లే విప్పి మార్చుకోవచ్చు.

హెడ్డు విప్పితే ఏముంటుందో చూద్దాం. తొమ్మిది కాయిల్స్ గుండ్రంగా కూర్చుని ఉంటాయి. ఒక్కోదాని నుంచి ఒక సన్నని తీగ (పిన్ను అంటే ఇదే), సుమారు 0.3 మిల్లీమీటర్లు, ముందుకు వంగుతూ వచ్చి ముక్కు దగ్గర తొమ్మిదీ ఒకే నిలువు గీతలో నిలబడతాయి. ముక్కులో వాటికి దారి చూపేది గట్టి రాయి, చాలా హెడ్లలో కృత్రిమ కెంపు. కాయిల్‌కు కరెంటు మిల్లీసెకను కూడా ఇవ్వరు. కాయిల్ లాగిన ఇనుప ముక్క, అదే ఆర్మేచర్, తీగ తోకను ఒక్క తాపు తంతుంది. చాలా హెడ్లలో ఆ తర్వాత తీగను నెట్టేవాడు లేడు, విసిరిన వేగంతో తనంత తానే పోతుంది. పోయి రిబ్బన్‌ను, కాగితాన్ని, వెనకున్న రోలర్‌ను తాకి ఆ దెబ్బకే వెనక్కి ఎగురుతుంది. స్ప్రింగు సాయం పడుతుంది. వెనక్కి వచ్చిన తీగ ఆనుకునే చోట మెత్తటి డ్యాంపర్ ఉంటుంది. అది గట్టిపడిపోయిందంటే తీగ మళ్లీ ముందుకు ఎగిరి, అడగని చుక్క వేస్తుంది. చుక్క పక్కన దయ్యంలా ఇంకో లేత చుక్క కనిపిస్తే రిబ్బన్‌ను తిట్టకండి, ముందు డ్యాంపర్ చూడండి.

తీగ వెనక్కి రావడం ఆలస్యమైతే ఇంకో ప్రమాదం. హెడ్డు పక్కకు పరుగెత్తుతూ ఉంటుంది కదా, బయటే ఉండిపోయిన తీగ రిబ్బన్ పోగులో చిక్కి వంగుతుంది, లేదా విరుగుతుంది. అప్పుడు ప్రతి అక్షరంలోనూ ఒకే ఎత్తున తెల్లగీత వస్తుంది. రిబ్బన్ నూనె ఇంకు ఆ తీగలకు కందెన కూడా. ఎండిన రిబ్బన్‌లో స్టాంపు ప్యాడ్ ఇంకు పోసి నడిపేవాళ్లున్నారు. నీళ్ల ఇంకు తీగలకు తుప్పు, రాయి దగ్గర గడ్డ. రిబ్బన్ మిగిలింది, హెడ్డు పోయింది.

1974లో ప్రింట్రానిక్స్ అనే కంపెనీ ఈ లెక్కనే తిరగేసింది. లైను పొడవునా సుత్తుల వరస పెట్టి చుక్కలు వేసే వాళ్ల లైన్ మ్యాట్రిక్స్ ప్రింటర్లో ఒక్కో సుత్తీ ఒక స్ప్రింగు. శాశ్వత అయస్కాంతం దాన్ని వెనక్కి వంచి పట్టుకుని ఉంటుంది. కాయిల్‌లో కరెంటు పంపితే ఆ అయస్కాంతం పట్టు కాసేపు పోతుంది, స్ప్రింగు తెగి వచ్చినట్టు వచ్చి కొడుతుంది, తిరిగి రాగానే అయస్కాంతం మళ్లీ పట్టేస్తుంది. కరెంటు ఖర్చయ్యేది కొట్టడానికి కాదు, విడవడానికి! వెనక్కి రావడమెట్లా అన్న చిక్కును ఇంత అందంగా తీర్చిన యంత్రం నేను ఇంకోటి చూడలేదు.

ఇప్పుడు అంచున రంధ్రాలున్న కాగితం. అమెరికాలో డేటన్ అనే ఊళ్లో 1912లో స్టాండర్డ్ రిజిస్టర్ కంపెనీ పెట్టడానికి మూలం ఈ రంధ్రాలూ, వాటిలో దూరి కాగితాన్ని జరిపే పిన్నులే, కంప్యూటర్‌కు ఎన్నో ఏళ్ల ముందు సంగతి. రంధ్రాలెందుకు, రబ్బరు రోలర్ చాలదా అంటారా? రోలర్ లైనుకు 0.1 మిల్లీమీటరు జారిందనుకోండి. 66 లైన్ల పేజీ చివరకు 6.6 మిల్లీమీటర్లు. లైను ఎత్తే 4.2. అంటే మొదటి పేజీలోనే లైనున్నర తప్పింది. ముందే గడులు అచ్చయిన ఫారంలో బరువు పడాల్సిన గడిలో లారీ నంబరు పడుతుంది. రంధ్రాలుంటే తప్పు కూడబడదు, ప్రతి అర అంగుళానికీ లెక్క మళ్లీ మొదలవుతుంది. మన 12 అంగుళాల కాగితానికి పక్కకు 24 రంధ్రాలు. ఈ పిన్నులుండే బెల్టును ట్రాక్టర్ అంటారు, దాని మీద ఒకేసారి నాలుగైదు పిన్నులు కాగితాన్ని పట్టుకుంటాయి గనక ఏ ఒక్క రంధ్రమూ చిరగదు. కాగితాన్ని పైనుంచి లాగే ట్రాక్టర్ అయితే అచ్చయిన చీటీ చింపడానికి ఒక ఫారం వృథా. కిందనుంచి తోసేదైతే అక్కడికక్కడే చింపుకోవచ్చు, కాకపోతే తోసిన కాగితం లోపల ముడతపడే అవకాశం ఎక్కువ.

జమ్మికుంట దారిలో ఒక కాంటా నుంచి ఫోను. “అన్నా, లైన్ల మీద లైన్లు పడుతున్నయ్. బోర్డు పోయిందంటున్నరు, నిజమేనా?” పోయి చూస్తే బల్ల కింద యూపీఎస్ కొత్తగా పెట్టి కాగితం డబ్బాను పక్కకు నెట్టారు. కాగితం బల్ల అంచుకు ఒరుసుకుంటూ వంకరగా ఎక్కుతోంది. ఆ ఒరిపిడికి, కాగితాన్ని అడుగడుగుగా జరిపే స్టెప్పర్ మోటారు అడుగులు తప్పుతోంది. డబ్బాను ప్రింటర్ వెనక తిన్నగా పెట్టాను, అయిపోయింది. మిర్చి సీజన్లో ఆ చుట్టుపక్కల ప్రింటర్ మూత తీసేటప్పుడు మాత్రం ముక్కుకు దస్తీ కట్టుకోండి. ఘాటు దుమ్ము, హెడ్డు అటూ ఇటూ జారే క్యారేజీ రాడ్ నూనెలో కలిసి పేస్టులా ఉంటుంది.

రెండో కాపీ, మూడో కాపీ సంగతి చెప్పాలి కదా. కార్బన్ కాగితం లేకుండా కాపీ వచ్చే కాగితాన్ని ఎన్‌సీఆర్ కంపెనీ 1950ల మొదట్లో తెచ్చింది. పై కాగితం అడుగున కంటికి కనిపించని బుడగల్లో రంగులేని రసాయనం, కింది కాగితం పైన మట్టి పూత. పిన్ను తగిలితే బుడగ పగులుతుంది, రెండూ కలిసి రంగు తేలుతుంది. కాబట్టి కింది కాపీ తేలిపోతుంటే హెడ్డు పక్కనున్న మందం లీవరు చూడండి. ఒక్క కాగితానికి పెట్టిన సందులో మూడు కాగితాలు దూరిస్తే అక్షరం అలుక్కుపోతుంది. మూడింటికి పెట్టి ఒకటి పంపితే తీగ దూరం ఎక్కువ పోయి, వెనక్కి ఆలస్యంగా వస్తుంది. ఆలస్యమైతే ఏమవుతుందో ఇందాక చెప్పాను.

చివరగా తెలుగు. తొమ్మిది పిన్నులు అంగుళంలో 72వ వంతు దూరంలో ఉంటాయి. ఇంగ్లిషు పెద్దక్షరానికి ఏడు చుక్కలు చాలు, కిందికి వేలాడే తోకకు రెండు. ‘స్త్రీ’ అనే మాటను తొమ్మిది చుక్కల ఎత్తులో వేసి చూడండి! పైన గుడిదీర్ఘం, నడుమ అక్షరం, కింద ఒత్తులు. కంప్యూటర్లో పెట్టే భారతీయ లిపుల కార్డు, జిస్ట్, వచ్చాక మన లిపులు తెరమీదా కాగితంమీదా కనిపించాయి. కానీ తొమ్మిది పిన్నుల హెడ్డు ఒక తెలుగు లైనును రెండు మూడు విడతల్లో వెయ్యాల్సిందే. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య కాగితం కచ్చితంగా జరగాలి. గేర్లలో కాస్త ప్లే, అంటే వదులు, ఉన్నా ఒత్తు అక్షరం నుంచి విడిపోయి కింద తెల్లచార వస్తుంది. 24 పిన్నుల హెడ్డుకూ ఎత్తు పెద్దగా పెరగలేదు, అంగుళంలో ఎనిమిదో వంతుకు కాస్త ఎక్కువ. చుక్కలు మాత్రం 180వ వంతు దూరానికి వచ్చాయి కాబట్టి ఒక్క విడతలోనే అక్షరం ఇమిడింది. పాత ప్రింటర్ కాగితాన్ని సరిగ్గా జరుపుతోందో లేదో తేల్చుకోవాలంటే నేను ఇంగ్లిషు టెస్టు పేజీ తియ్యను. ఒత్తులు నిండిన తెలుగు పేరా ఒకటి, గ్రాఫిక్స్‌గా, అంటే బొమ్మలా చుక్కచుక్కగా, వేసి చూస్తాను.

రెండు హెడ్లు, ఒక ట్రాక్టర్ విప్పి ఆ బల్లమీద పెట్టాను. వచ్చి తీగల తోకల్ని వేలితో నొక్కి చూడండి, ఎంత చప్పున వెనక్కి వస్తాయో తెలుస్తుంది. రిబ్బన్ మాత్రం ముట్టకండి, ఆ ఇంకు చేతికంటితే ఒక పట్టాన వదలదు. ప్రశ్నలుంటే అక్కడే అడగండి.