బాక్సైట్ జీవోలు: అడిగితే జవాబు చెప్పేదెవరు?

యాంకర్: నమస్కారం. 2015 నవంబరులో జీవో 97 వచ్చింది. విశాఖ మన్యంలోని చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లు బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకాలకు ప్రభుత్వ గనుల సంస్థ ఏపీఎండీసీ చేతికి. గిరిజనులు రోడ్డెక్కాక పక్కన పెట్టారు, 2019లో రద్దు చేశారు. మరి ఆ జీవోకి బాధ్యులెవరు?

జర్నలిస్టు: 97 దగ్గర మొదలుపెడితే సగం కథే తెలుస్తుందండీ. 2005లో జిందాల్‌తో, 2007లో యూఏఈలోని రస్ అల్ ఖైమాతో బాక్సైట్ ఒప్పందాలు చేసుకుంది వైఎస్ ప్రభుత్వం. ప్రతిపక్షంలో ఉండగా వాటిని వ్యతిరేకించిన చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యాకే 97 వచ్చింది. రద్దు చేసింది జగన్. కుర్చీని బట్టి మాట!

మాజీ అధికారి: అలా తీసిపారేయకండి. ఆ ఒప్పందాన్ని నమ్మి మాకవరపాలెంలో బాక్సైట్ శుద్ధి చేసే రిఫైనరీ కట్టేశారు, ఖనిజం అందలేదు. రస్ అల్ ఖైమా వాళ్లు ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తుల ముందుకు, వెళ్లారు. మాటిచ్చి తప్పితే రేపు పెట్టుబడి ఎవరు పెడతారు?

న్యాయవాది: అసలు ఆ మాట ఇచ్చే హక్కు ఎక్కడిది? షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే రాజ్యాంగ రక్షణ ఉన్న గిరిజన ప్రాంతంలో, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లోనే సుప్రీంకోర్టు సమత కేసు తీర్పులో చెప్పింది. అందుకే తవ్వేది ఏపీఎండీసీ, సరుకు వెళ్లేది ప్రైవేటు రిఫైనరీకి. దొడ్డిదారి కాదా ఇది?

మాజీ అధికారి: ప్రభుత్వ సంస్థ తవ్వొచ్చని ఆ తీర్పులోనే ఉంది కదండీ.

న్యాయవాది: ఉంది. గ్రామసభ ఒప్పుకోకుండా అటవీ భూమి మళ్లించకూడదని 2009లో కేంద్ర పర్యావరణ శాఖ చెప్పిందీ ఉంది. అది మాత్రం మీకు గుర్తుకు రాదు.

కాఫీ రైతు (చింతపల్లి): మేడమ్, ఒక్క మాట. బాక్సైట్ ఉండేది కొండ నెత్తిన. వాన నీరు అక్కడ ఇంకి, కింద ఊటగా వస్తది. ఆ గెడ్డ నీళ్లే తాగుతాం, మడికి పెట్టుకుంటాం. వాలు మీద సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ. నెత్తి తవ్వేస్తే కింద మాకేం మిగుల్తాది?

యాంకర్: ఎన్నికలప్పుడు అడగలేదా?

కాఫీ రైతు: అడక్కుండా ఉంటామా? తవ్వనివ్వం అనే అన్నారు, అన్ని జెండాల వాళ్లూనూ.

జర్నలిస్టు: ఇంకో తమాషా చూడండి. జీవో గవర్నరు పేరు మీద వస్తుంది, కింద సంతకం కార్యదర్శిది. నిర్ణయం తీసుకున్న నాయకుడి పేరు ఎక్కడా కనపడదు.

మాజీ అధికారి: ఎవరేం రాశారో ఉండే నోట్ ఫైల్‌లో ఉంటుంది. సమాచార హక్కు కింద అడగొచ్చు.

కాఫీ రైతు: అయిపోయాక మేం అర్జీ పెట్టుకోడమేంటి సార్? ముందే ఆ ఫైలు తెచ్చి మా గ్రామసభలో చదవండి.

యాంకర్: ఎస్.కోట నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చిన్న బ్రేక్ తర్వాత మాట్లాడదాం.