బాతుల వేటలో తుపాకీ పేలదు, చూస్తుంది

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద ఉన్న బూడిద రంగు తుపాకీ పేరు జాపర్. జపాన్ కంపెనీ నింటెండో చేసిన ఎన్‌ఈఎస్ కన్సోల్‌తో, అంటే టీవీకి తగిలించి ఆడే వీడియోగేమ్ పెట్టెతో, వాడేది. దీంతో ఆడిన ఆటల్లో ఎక్కువమందికి గుర్తున్నది డక్ హంట్. జపాన్‌లో 1984లో, అమెరికాలో 1985లో వచ్చింది. తర్వాత సూపర్ మారియోతో కలిపి ఒకే క్యాసెట్‌లో ఇచ్చారు. కన్సోల్‌తో పాటే వచ్చిన క్యాసెట్ కాబట్టి విడిగా కొనుక్కోనివాళ్ల ఇళ్లకు కూడా చేరింది.

ట్రిగ్గర్ నొక్కితే తుపాకీ నుంచి ఏదో కిరణం వెళ్లి తెరను తాకుతుందని చాలామంది అనుకుంటారు. ఇందులోంచి ఏదీ బయటికి రాదు. గొట్టం చివర ఒక కటకం, దాని వెనక వెలుగును పట్టే ఒక ఫోటోడయోడ్, అంతే. వెలుగు టీవీ నుంచి తుపాకీకి వస్తుంది.

నింటెండో 1970లో అమ్మిన కోసెన్‌జు బొమ్మల్లో వ్యవహారం తలకిందులుగా ఉండేది. అక్కడ తుపాకీ వెలుగు చిమ్మేది, గురిబొమ్మలో ఉన్న సోలార్ సెల్ దాన్ని పట్టేది. ఆ సెల్స్ షార్ప్ కంపెనీవి. వాటిని అమ్మడానికి నింటెండోకు వచ్చిన మసయుకి ఉఎమురా ఆ తర్వాత అక్కడే చేరి, ఎన్‌ఈఎస్‌కు జపాన్ రూపమైన ఫామికామ్ కన్సోల్ రూపకల్పనకు నాయకత్వం వహించారు. ఇంట్లో ఉన్న టీవీలో సెల్ బిగించలేం కదా, అందుకే కన్ను తుపాకీలోకి మారింది.

ఇక అసలు పని. ట్రిగ్గర్ నొక్కగానే ప్రోగ్రామ్ ఒక ఫ్రేమ్ పాటు, అంటే తెరమీద ఒక్క బొమ్మ నిలిచే సెకనులో 60వ వంతు, తెరంతా నల్లగా చేస్తుంది. తర్వాతి ఫ్రేమ్‌లో బాతు ఉన్న చోట తెల్ల పెట్టె గీస్తుంది. నలుపులో వెలుగు కనపడకుండా, తెలుపులో కనపడితేనే దెబ్బ తగిలినట్టు లెక్క. రెండు బాతులుంటే ముందు ఒకదానికి పెట్టె, ఆ తర్వాతి ఫ్రేమ్‌లో రెండోదానికి. వెలుగు ఏ ఫ్రేమ్‌లో కనిపించిందో దాన్నిబట్టి ఏ బాతు పడిందో తేలుతుంది. మొత్తం మూడు ఫ్రేములు, 50 మిల్లీసెకన్లు. మన కంటికి ఒక్క మెరుపులా అనిపిస్తుంది.

నల్ల ఫ్రేమ్ ఎందుకంటే, బల్బు వైపు గురిపెట్టి మోసం చేయకుండా. దానికి తోడు తుపాకీ లోపలే ఇంకో కాపలా ఉంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ఎలక్ట్రాన్ పుంజం తెరను గీత తర్వాత గీతగా, దాదాపు 63.5 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున గీస్తుంది. కటకం కొన్ని గీతల్ని కలిపి చూస్తుంది కాబట్టి ఫోటోడయోడ్‌కు సెకనుకు 15 వేల పైచిలుకు సార్లు మిణుకుమనే వెలుగు అందుతుంది. లోపలి సర్క్యూట్ ఆ లయనే వింటుంది, మిగతాది వదిలేస్తుంది. మామూలు బల్బు కరెంటు వేగానికి సెకనుకు 100 లేదా 120 సార్లే మిణుకుమంటుంది, కనుక దానికి పప్పులుడకవు.

ఫ్లాట్ టీవీల మీద ఇది పనిచేయకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. ఎల్‌సీడీలో గీత గీసే పుంజం లేదు. పిక్సెల్ ఫ్రేమ్ అంతా నిలకడగా వెలుగుతుంది, ఆ లయ పుట్టదు. రెండో చిక్కు ఆలస్యం. వచ్చిన సిగ్నల్‌ను టీవీ పెంచి, దిద్ది చూపించేసరికి ఒకటో రెండో ఫ్రేములు గడిచిపోతాయి, ఆట అప్పటికే చూడటం మానేసి ఉంటుంది. ఒకటి సరిచేసి రెండోది వదిలేస్తే లాభం లేదు. ఎల్‌సీడీకి మార్పులు చేసేవాళ్లు తుపాకీలో ఆ లయను మాత్రమే వినే ఫిల్టర్‌ను తప్పించడంతో పాటు, ఆటలో కూడా వేచి ఉండే సమయం కలుపుతారు. కెమెరాతో తెర అంచును గుర్తుపట్టే సిండెన్ లాంటి కొత్త తుపాకులది వేరే దారి.

పిక్చర్ ట్యూబ్ ఉంటే చాలనుకుని మోసపోకండి. చివరి రోజుల్లో వచ్చిన 100 హెర్ట్జ్ ట్యూబ్ టీవీలు బొమ్మను లోపల డిజిటల్‌గా నిల్వచేసి రెట్టింపు వేగంతో గీస్తాయి. వాటిలో లయా తప్పుతుంది, సమయమూ తప్పుతుంది. పాత టీవీ కొనేటప్పుడు వెనక అతికించిన చీటీ మీద 100 హెర్ట్జ్ అని ఉందేమో చూసుకోవాలి.

పనిచేయని తుపాకీని ఎలా పరీక్షించాలి? ముందు ట్రిగ్గర్ నొక్కి తెర చూడండి. తెర మెరవకపోతే ట్రిగ్గర్ స్విచ్చో, తీగో, లేదా పెట్టిన సాకెట్టో తప్పు. డక్ హంట్‌కు తుపాకీ రెండో సాకెట్‌లోనే ఉండాలి. మెనూ నడపడానికి కంట్రోలర్ మొదటిదాంట్లో. పైగా ఒక బాతు ఆటలో ఆ కంట్రోలర్‌తో పక్కన కూర్చున్నవాళ్లు బాతును అటూ ఇటూ తిప్పి మిమ్మల్ని ఏడిపించొచ్చు. తెర మెరిసి కూడా బాతు పడకపోతే తప్పు చూపులో ఉంది. గొట్టాన్ని గాజుకు దగ్గరగా పెట్టి నొక్కండి. అప్పుడు తగిలి, ఆరడుగుల దూరం నుంచి తగలకపోతే కటకం మీద దుమ్ము పట్టిందని, లేదా టీవీ వెలుగు తక్కువైందని అర్థం. మెత్తటి పొడిగుడ్డతో కటకం తుడవండి, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ పెంచండి, గాజు మీద ఎండ పడకుండా కర్టెన్ వేయండి. తుపాకీని విప్పి చూడొచ్చు, టీవీని మాత్రం విప్పకండి. ప్లగ్ పీకేసినా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి.

మన ఊళ్లలో 90ల్లో ఎక్కువగా దొరికినవి ఫామికామ్‌ను అనుకరించిన చవక కన్సోళ్లు. వాటి తుపాకులకు 9 పిన్నుల సాకెట్టో, 15 పిన్నులదో ఉంటుంది. పిన్నుల సంఖ్య కలిసినంత మాత్రాన ఒకదాని తుపాకీ ఇంకోదానికి పనిచేస్తుందని అనుకోవద్దు, లోపల తీగల వరస మారవచ్చు. మల్టీమీటర్‌తో 5 వోల్టుల తీగ, ఎర్త్ తీగ ఏవో తేల్చుకున్నాకే పెట్టండి. అటకమీది తుపాకీ బల్బుకు గురిపెట్టినా బాతుల్ని కూలుస్తుంటే, దాంట్లో ఆ ఫిల్టర్ లేదనే అనుమానించాలి.

ఆట సంగతి రెండు మాటల్లో. రౌండుకు 10 బాతులు, ఒకటైనా జంటైనా ఎగిరిన ప్రతిసారీ 3 గుళ్లు. పదో రౌండు దాకా 6 పడితే చాలు, 20వ రౌండు నుంచి పదికి పదీ పడాలి. 99 దాటితే రౌండు సంఖ్య సున్నా అయి, బాతులు పిచ్చిపట్టినట్టు ఎగురుతాయి, ఆట అక్కడితో సరి.

ఇక గురి తప్పినప్పుడల్లా గడ్డిలోంచి లేచి నవ్వే ఆ కుక్క. ఎన్ని గుళ్లు కాల్చినా దానికేమీ కాదు, ఎందుకంటే ఇంటి కన్సోల్ ఆటలో కుక్క చుట్టూ తెల్ల పెట్టె ఎప్పుడూ గీయరు. పెట్టె లేనిచోట తుపాకీ కంటికి కుక్కే లేదు. అయితే ఇదే ఆటకు నాణేలు వేసి ఆడే వీఎస్ డక్ హంట్ అనే రూపం ఉంది. దాని బోనస్ రౌండులో కుక్క గురికి అడ్డంగా దూకుతుంది, అక్కడ దాన్ని కాల్చవచ్చు. కాలిస్తే బోనస్ పోతుంది.