గోథెన్‌బర్గ్‌లో అద్దె ఇల్లు, కింద బంకమట్టి

రవి: నమస్కారం. ఈ వారం స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో అద్దె ఇళ్లు. అద్దె ఇళ్లకి క్యూ నడిపే బోప్లాట్స్ సంగతి మళ్లీ చెప్తున్నా: ఊళ్లో దిగగానే పేరు రాయించుకోండి. అక్కడ ఎక్కువ ఇళ్లు క్యూలో ఎన్ని రోజులున్నారన్న లెక్కమీదే ఇస్తారు.

లత: అంతకాలం ఆగలేక చాలామంది కొనేస్తున్నారన్నా. వాళ్లు చూసేది వంటగది, బాల్కనీ.

రవి: అవి కాదు తల్లీ, అప్పు చూడాలి. వాళ్లు కొనేది బోస్టాడ్స్‌రెట్. అంటే భవనం అందులో ఉండేవాళ్ల సంఘానిది, మనకొచ్చేది వాటా, ఉండే హక్కు. సంఘం అప్పు చదరపు మీటరుకు 12,000 క్రోనాలు ఉందనుకో, 60 మీటర్ల ఫ్లాటు కొన్నవాళ్ల మీద ధర కాక ఇంకో 7,20,000 భారం పడ్డట్టే.

లత: అంతకన్నా ముందు పునాది అడగాలి.

రవి: మళ్లీ మట్టేనా?

లత: మట్టేనన్నా! ఊరు చాలావరకు బంకమట్టి మీదుంది. మాయోర్నా పేటలో కింది అంతస్తు రాయి, పై రెండూ చెక్కతో కట్టిన పాత ఇళ్లున్నాయిగా, వాటిలో చాలావాటి కింద దుంగలే. భూగర్భజలంలో మునిగి ఉన్నన్నాళ్లూ వాటికేం కాదు. నీటిమట్టం దిగితే గాలి తగిలి కుళ్లుతాయి, ఇల్లు ఓ పక్కకి కుంగుతుంది. తలుపులు బిగుసుకుంటున్నాయా, గోడలో ఏటవాలు పగుళ్లున్నాయా చూడాలి. కుంగుదల కొలతలు ఉన్నాయా అని సంఘాన్ని అడగాలి.

రవి: ఆ ఖర్చయినా చివరికి సంఘం లెక్కల్లోకే వస్తుంది. వార్షిక నివేదికలో వడ్డీ ప్రభావం చూస్తే చాలు. అప్పు 4 కోట్లు, అవ్‌గిఫ్ట్, అంటే ఫ్లాట్లవాళ్లు సంఘానికి కట్టే రుసుము, ఏడాదికి మొత్తం 40 లక్షలు అనుకో. వడ్డీ ఒక్క శాతం పెరిగితే అవ్‌గిఫ్ట్ 10 శాతం పెంచాలి.

లత: కొలవని కుంగుదల ఏ నివేదికలో కనిపిస్తుంది?

రవి: ...సరే, అది నిజం. అయితే మురుగు పైపుల మార్పు ఎప్పుడు జరిగిందో కూడా అడగమను. 50, 60 ఏళ్ల పైపులుంటే బాత్రూమ్ మొత్తం పగలగొడతారు, ఆ అప్పూ మనమీదే.

లత: స్థలం నగరపాలక సంస్థదైతే దాని కౌలు కూడా. గడువు తీరినప్పుడు పెంచుతారు.

రవి: ఇంక అద్దె. సమయం లేదు, గబగబా చెప్పేద్దాం.

లత: ఆండ్రహాండ్‌లో, అంటే ఫ్లాటు తమ పేరున ఉన్నవాళ్ల దగ్గర అద్దెకి తీసుకుంటే ఇంటివాళ్లకి అనుమతి ఉన్నట్టు కాగితం చూడండి. ఆ అడ్రసుకి జనాభా నమోదు చేసుకోనిస్తారో లేదో ముందే తేల్చుకోండి. ఇల్లు చూడకుండా డిపాజిట్ పంపొద్దు.

రవి: సొంత బోస్టాడ్స్‌రెట్ అద్దెకిచ్చినవాళ్లు ఖాళీ చేయించాలంటే మూడు నెలల నోటీసు ఇవ్వాలి, అద్దెకున్నవాళ్లకి ఒక నెల చాలు. ఇచ్చినవాళ్లు తామే కిరాయికుంటూ మన దగ్గర ఎక్కువ అద్దె గుంజితే, అద్దె తగాదాలు తేల్చే హ్యూరెస్‌నెమ్డెన్‌కి వెళ్లి రెండేళ్ల వెనక్కి రాబట్టుకోవచ్చు.

లత: కొనేవాళ్లకి ఇంకొకటి. వేలంలో పాట పాడినంత మాత్రాన ఎవరూ కట్టుబడరు, అమ్మేవాళ్లు కూడా. సంతకాలయ్యాకే ఖాయం. ఆలోపే పునాది...

రవి: లతా, టైమైంది.